ఇంట్లోనే ఉంటుందని చెప్పాను

"ఇంట్లోనే ఉంటుందా మేడమ్, బయట తిరుగుతుందా?"

పశువుల డాక్టరు మొట్టమొదట అడిగింది ఇదే. పిల్లి వయసు తరవాత అడిగింది, బరువు ఆ తరవాత చూసింది.

"ఇంట్లోనే. గడప దాటదు," అన్నాను.

అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. మా ఇంటి పిల్లి గురించి మరోలా చెప్పడం నాకు చేతకాదు, అంతే. మా ఇంట్లో ఎవరి గురించీ బయటివాళ్ళ దగ్గర మరోలా చెప్పే అలవాటు లేదు.

మా ఇల్లు అంటున్నాను గాని అది లేదు. లోపలి రేవు తవ్వకముందు, ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకునే రోజుల్లో, సరుకును ఒడ్డుకు చేర్చే పడవలు మా ముత్తాతవి. విశాఖపట్నం వన్ టౌన్‌లో గుట్ట వాలు మీద మాకు పెద్ద మేడ ఉండేది. మా నాన్నగారి హయాంలో అమ్ముడైపోయింది. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు. దానికి రెండు వీధుల వెనక, ఒక డాబా పైభాగంలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నాను. కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఒక్కదాన్నే. ఆ మేడలోంచి నాదాకా వచ్చినవి రెండే: వీపు ఆనించకుండా నిటారుగా కూర్చునే అలవాటు ఒకటి, తెల్లపిల్లి ఒకటి. ఎప్పుడో ఓడ కెప్టెనొకడు మా ముత్తాతకు ఒక పిల్లుల జంటను ఇచ్చాడని, మా ఇంట్లో పుట్టే తెల్లపిల్లులన్నీ వాటి సంతానమేనని చెప్పుకునేవారు. నిజమో కాదో నాకు తెలియదు. నేను మాత్రం అందరికీ చెప్పేదాన్ని. డాక్టరుకు కూడా చెప్పాను, "ఇది మామూలు పిల్లి కాదండి" అని.

ఆ అమ్మాయి చిన్నది. మెడలో సన్నని గొలుసు, దానికి చిన్న శిలువ. నవ్వలేదు, విసుక్కోలేదు. ఓపికగా చెప్పింది.

"జాతిని బట్టి కాదు మేడమ్, అది బతికే తీరును బట్టి టీకాలు వేస్తాం. మూడు జబ్బులకి కలిపి ఒక సూది ఉంది. పేగుల్ని పాడుచేసే జబ్బొకటి, ముక్కూ కళ్ళూ కారే జబ్బులు రెండు. అది ప్రతి పిల్లికీ కావాలి. ఆ క్రిములు మన చెప్పులతో కూడా ఇంట్లోకి వచ్చేస్తాయి. బయట తిరిగి కొట్లాడే పిల్లయితే రక్తం పరీక్ష చేసి, పిల్లుల లుకేమియాకి కూడా టీకా వేయాలా అని చూస్తాం. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్ద పిల్లికి దాని అవసరం ఉండదు. రేబిస్ మాత్రం, ఇంట్లో ఉన్నా సరే, వేయించమనే చెప్తాను."

"రేబిసా? అది వీధికుక్కల జబ్బు కదా."

"కుక్క కరిస్తే పిల్లికీ వస్తుంది. తలుపు తీసి ఉన్నప్పుడు ఒక్కసారి బయటికి పోతే చాలు మేడమ్."

"మా తలుపు తీసి ఉండదమ్మా."

ఆ అమ్మాయి పిల్లిని వెల్లకిలా తిప్పి పొట్ట తడుముతోంది. పొట్ట కింది బొచ్చులోంచి రెండు వేళ్ళతో ఏదో పీకి, స్టీలు ట్రేలో పెట్టింది. చేప పొలుసు. గోరంత ఉంది, దీపం కింద తళతళలాడింది.

"మీ ఇంట్లో చేపలు వండుతారా?"

"మా ఇంట నీసు వండం."

ఆ పొద్దున్న గంటసేపు తడిబట్టతో తుడిచి, దువ్వెనతో దువ్వి మరీ తెచ్చాను పిల్లిని. వన్ టౌన్‌లో రేవు మీంచి వచ్చే బొగ్గు పొడి అన్నిటిమీదా పడుతుంది. గోడలెక్కి తిరిగే తెల్లపిల్లి సాయంత్రానికి బూడిదరంగులోకి మారుతుంది. ఆ నలుపంతా వదలగొట్టాను గాని పొట్ట కింద చూడలేదు.

"ఎవరో తెచ్చి పెడుతుంటారు," అన్నాను.

ఆ అమ్మాయి ట్రే పక్కకు జరిపింది. మూడు జబ్బుల సూది వేసింది. రేబిస్ వద్దని నేను మరోసారి అన్నాక, "సరే మేడమ్, యజమాని వద్దన్నారని రాస్తున్నాను. మనసు మారితే ఎప్పుడైనా తీసుకురండి," అంది. నేను తల పైకెత్తి బయటికొచ్చాను. అక్కడ ఏదో గెలిచి వచ్చినట్టే నడిచాను.

ఎవరో తెచ్చి పెట్టడం కాదు, అదే వెళ్ళి తినేది. నాకు తెలుసు. మా డాబా వెనక గోడ దిగితే చేపలవాళ్ళ సందు. గోడకు ఆనుకున్న మొదటి ఇల్లు ఒక పెద్దావిడది. కొడుకు పడవ మీద వేటకు వెళ్తాడు, కోడలు హార్బరులో చేపలు ఏరుతుంది, ఈవిడ ఇంటి ముందు కూర్చుని చేపలు కోసి అమ్ముతుంది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆవిడ నన్ను అమ్మగోరూ అనేది, నేను ఆవిడను నువ్వు అనేదాన్ని. వలల్ని ఎలకలు కొరక్కుండా ఆవిడ దగ్గరా ఒక పిల్లి ఉంది, చారలది, ఒక చెవి సగమే ఉంటుంది. మా పిల్లి పొద్దున్న నా దగ్గర పాలు తాగి, గోడ దూకి, సాయంత్రం దాకా అక్కడే ఉండేది. ఆవిడ దాన్ని దొర అని పిలిచేది.

"మీ దొర వొచ్చినాడమ్మగోరూ, కుర్సీ ఏయమంతన్నాడు," అని కింద నుంచి కేకేసేది. సందులో ఆడవాళ్ళు నవ్వేవారు. నేను కిటికీ మూసేసేదాన్ని.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన నెల తరవాత అనుకుంటాను, ఆవిడ మెట్లెక్కి మా గుమ్మం ముందుకొచ్చింది. లోపలికి రాలేదు, నేను రమ్మనలేదు.

"అమ్మగోరూ, కుక్కలికీ పిల్లులికీ పిచ్చికుక్క సూది ఊరికినే ఏత్తన్నారంట, మా సందు సివర. నాను మాదాన్ని గోనెలో ఏసి అట్టికెల్తన్నాను. మీ దొరని కూడా ఇయ్యండి, రెండిటికీ ఏయించీసి తెచ్చెత్తాను."

నా పిల్లిని గోనెసంచిలో, సందు చివర, వాళ్ళ పిల్లితో కలిపి. నాకు ఒళ్ళు మండింది.

"నీ పిల్లి సంగతి నువ్వు చూసుకో. మాదానికి డాక్టరు దగ్గర అన్ని సూదులూ అయిపోయాయి," అన్నాను.

"అన్నీ అయిపోనాయా? అయితే మంచిదే. పగలంతా మా ఇంట్లోనే కదా పడుంటాది, అందుకని అడిగినాను. మా ఆడపడుసు పెనివిటి అలాగే పోనాడు. కుక్క పీకితే పసుపు రాసుకుని ఊరుకున్నాడు. ఆఖరికి గ్లాసుతో నీళ్ళు సూపిత్తే గోడకి అంటుకుపోయేవోడు. నాను సూసినాను."

ఆవిడ ఇంకా చెప్పేదే. నేను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. చూసి వెళ్ళిపోయింది.

తరవాత మూడు నెలలకు మా పిల్లి ఆవిడను కరిచింది.

అది మంగళవారం. ఆవిడ చేపలు కోస్తుంటే పక్కన పడేసిన చేప తలకాయ కోసం రెండు పిల్లులూ కొట్లాడుకున్నాయి. విడదీయబోయి చెయ్యి పెట్టింది. మావాడు బొటనవేలి మొదట్లో కోర దించాడు. కేకలు విని నేను కిటికీ తీశాను. ఆవిడ చెయ్యి కడుక్కుంటోంది, నెత్తురు ఆగడం లేదు.

పైకి చూసి నవ్వింది. "మీ దొరకి కోపమొచ్చీసింది అమ్మగోరూ. పరవాలేదులెండి. సూదులన్నీ అయిపోనాయన్నారు కదా?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. కింద నలుగురు ఆడవాళ్ళు తలలెత్తి నా వంక చూస్తున్నారు.

"అవును," అన్నాను.

ఆవిడ పసుపు అద్దుకుని గుడ్డ కట్టుకుని మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

ఆ రోజూ మర్నాడూ నేనేం చేశానో ఇప్పుడు తలుచుకుంటే నా ముఖం నేనే చూసుకోలేను. పిల్లికి ఏ జబ్బూ ఉండి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. అది బాగానే తింటోంది, పరుపెక్కి పడుకుంటోంది. ఆవిడకు ఏదో వంక పెట్టి ఆసుపత్రికి వెళ్ళమని చెప్పొచ్చా అని ఆలోచించాను. ధనుర్వాతం సూది వేయించుకోమంటే వెళ్తుందేమో, అక్కడివాళ్ళే పిల్లి కరిచిందని తెలుసుకుని మిగతాది చూసుకుంటారేమో. అంటే ఆవిడకు మేలు జరగాలి, నా మాట మాత్రం అబద్ధమని తేలకూడదు. రెండు రోజులు కూర్చుని ఆ దారి వెతికాను. బుధవారం సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేసి, ఎవరికో జరిగినట్టు అడిగాను. ఆ అమ్మాయి గొంతు మారిపోయింది.

"ఎవరినైనా కరిచిందా మేడమ్? మీ పిల్లేనా? ఈ క్షణమే పంపించండి వాళ్ళని. గాయం సబ్బుతో బాగా కడగమనండి. పిల్లిని బయటికి వదలకుండా పది రోజులు చూడాలి. దానికిప్పుడు టీకా వేయను, పది రోజులూ గడవనివ్వండి. ఆలస్యం చేయకండి, ప్లీజ్."

అయినా ఆ సాయంత్రం నేను మెట్లు దిగలేదు. పొద్దు వాలిపోయింది కదా అనుకున్నాను. గురువారం పొద్దున్నే మెట్లు దిగి, చుట్టూ తిరిగి, మొదటిసారి ఆ సందులోకి వెళ్ళాను. పదహారేళ్ళుగా ఆ గోడకు ఇవతల ఉన్నాను.

ఆవిడ పీట వేయబోయింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, పిల్లికి ఆ సూది వేయించలేదని.

"అన్నీ అయిపోనాయన్నారు?"

"ఇది ఒక్కటీ వద్దన్నాను."

"ఎందుకండీ?"

బయట తిరగదని డాక్టరుకు చెప్పాను కాబట్టి. ఆ మాట కూడా చెప్పాను. ఎంత చిన్నగా చెప్పానో, ఆవిడ మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పవలసివచ్చింది. 

ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. గుడ్డ విప్పి చెయ్యి చూసుకుంది. వాచి ఎర్రగా ఉంది. "మూడ్రోజులు," అంది, నాతో కాదు, తన చేతికే చెప్పుకుంటున్నట్టు. సబ్బు తీసుకుని కుళాయి కింద కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే ఉంది. కోడలు హార్బరు నుంచి రాలేదు, కొడుకు సముద్రం మీద ఉన్నాడు. నేను ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో కుక్కకాటు సూదుల గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. మా వంతు వచ్చాక, లోపలున్న నర్సు ఆవిడ చెయ్యి చూసి మొదలుపెట్టింది.

"ఎప్పుడు కరిచింది? మంగళవారమా? ఇవాళేం వారం? పసుపు రాసుకుని కూర్చున్నావా? పిల్లుల్ని పెంచడం వచ్చు, సూదులు వేయించడం రాదు. మీకు ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. పోతే మళ్ళీ మామీద పడి ఏడుస్తారు."

ఆ నర్సు నా వైపు తిరిగింది. గంజిపెట్టిన చీర, చేతిలో బ్యాగు, నిలబడే తీరు చూసి గొంతు మార్చింది.

"మీ దగ్గర పనిచేస్తుందా మేడమ్? మీరు తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది. వీళ్ళంతట వీళ్ళు రారు."

పిల్లి నాదని అనాలి. రెండు మాటలు. నోరు తెరిచాను కూడా. పక్కన వరసలో ఉన్నవాళ్ళందరూ నా వంక మెచ్చుకోలుగా చూస్తున్నారు. ఆవిడ కూడా నా వంక చూసింది, ఏం అంటానో అని. నేను బ్యాగు సర్దుకున్నాను.

గాయం చుట్టూ పొడిచారు, రెండు భుజాలకీ వేశారు. ఆవిడ పళ్ళు బిగపట్టింది, అరవలేదు. మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రమ్మని చీటీ ఇచ్చారు.

గడప దాటని పిల్లి ఎలా ఉంటుందో ఆ తరవాత పది రోజులు మా వీధి వీధంతా విన్నది. తలుపులూ కిటికీలూ మూసేసరికి అది ఏడుపు లంకించుకుంది. తలుపు గీరింది, కర్టెన్లు చించింది, పెరుగన్నం ముట్టలేదు. కింది వాటాలో ఉండే ఇంటి యజమాని పైకొచ్చి, "ఏంటమ్మా, పిల్లి కొత్తదా?" అని అడిగాడు.

ఆవిడ రోజూ పొద్దున్న ఏడింటికి వచ్చేది. మొదటి రోజు గుమ్మంలో నిలబడితే, "బాగానే ఉంది, నీళ్ళు తాగుతోంది," అన్నాను.

"మీరు సెప్పకండి. నాను సూత్తాను."

గొంతులో కోపం లేదు. చేప తాజాదో కాదో చూసేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే అంది. మా ముత్తాత మాట మీద, కాగితం లేకుండా, ఓడ ఓడంతా సరుకు దింపేవారని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ పడవల తెడ్లు వేసింది ఎవరో మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కకు తప్పుకున్నాను. ఆవిడ లోపలికొచ్చి నేల మీద కూర్చుని, గిన్నెలో నీళ్ళు పోయించి, పిల్లి తాగేదాకా కదల్లేదు. దాని నోరు చూసింది, నడక చూసింది. పదిహేను నిమిషాలు అయ్యాక లేచి వెళ్ళింది.

మూడో రోజు పిల్లి డొక్కలు లోపలికిపోయాయి.

"ఏటి పెడతన్నారు?"

"పెరుగన్నం."

"మీ దొర పెరుగన్నం తినీవోడైతే నా ఇంటికెందుకొత్తాడమ్మగోరూ? ఇది ఆకలికి సచ్చినా నాకు బయమే కదా, ఎందుకు సచ్చిందో ఎవులికి తెలుస్తాది?"

మర్నాటి నుంచి మూత ఉన్న డబ్బాలో ఉడికించిన చేప ముక్కలు తెచ్చింది, కట్టు కట్టిన చేత్తో. తనను కరిచిన పిల్లికి తనే మా వంటింటి గుమ్మంలో కూర్చుని పెట్టింది. తరవాతి రెండు సూదులకూ నేను వెంట వెళ్ళాను. ఆ నర్సు నన్ను గుర్తుపట్టి, "మళ్ళీ వచ్చారా మేడమ్, ఈ రోజుల్లో ఇలా ఎవరు చూస్తారు," అంది.

పది రోజులూ గడిచాయి. పిల్లికి ఏమీ కాలేదు. పదకొండో రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే ఆవిడ కూడా ఆటో ఎక్కింది. నన్ను అడగలేదు.

"పోయినసారి మీకు అబద్ధం చెప్పానమ్మా. ఇది బయట తిరుగుతుంది," అన్నాను డాక్టరుతో. ఇది ఒక్కటి మాత్రం గట్టిగానే అన్నాను.

"పొలుసు చూసినప్పుడే అనుకున్నాను మేడమ్. నేనే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది," అని ఆ అమ్మాయి కొత్త కాగితం తీసుకుంది. ఎక్కడ తిరుగుతుంది? ఏం తింటుంది? ఎలకల్ని పడుతుందా? వేరే పిల్లులతో కొట్లాటలున్నాయా? 

ఒక్కదానికీ నాకు జవాబు తెలియలేదు. నా పక్క నుంచి ఆవిడ చెబుతూ పోయింది.

"పొద్దున్న మా ఇంట్లో ఉంటాది. ఎండెక్కితే వలల గుట్ట మీద పడుకుంటాది. సాయంత్రం జెట్టీకెల్తాది, బోట్లొచ్చే టయానికి. ఎలకలా? బాగా పడతాది, సగం తిని సగం నాకు తెచ్చి సూపిత్తాది. కొట్లాటకేటి, అక్కడున్న మగపిల్లులన్నిటితోటీ ఉంది. జెట్టీలో తెల్ల కూనలు ఎన్నున్నాయో ఎప్పుడైనా సూసినారా? అన్నీ ఈ దొరగోరి సంతానమే."

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. రేబిస్ సూది వేసింది, ఇకమీదట ఏటేటా వేయించాలంది. మూడు జబ్బుల సూదికి కూడా, ఇంట్లోనే ఉండే పిల్లికిచ్చే మూడేళ్ళ గడువు దీనికి చెల్లదని, ఏడాదికి మళ్ళీ తెమ్మంది. రక్తం తీసింది, లుకేమియా లేదని తేలితే ఆ టీకా తెప్పించే ప్రయత్నం చేస్తానంది. అన్నిటికంటే ముందు సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించమంది, తిరుగుడూ కొట్లాటలూ తగ్గుతాయని. ఆ మాటలన్నీ నాకు కాక ఆవిడకు చెప్పింది. పిల్లి సంగతి ఎవరికి తెలుసో ఆ అమ్మాయికి అర్థమైపోయింది.

రక్తం శుభ్రంగానే ఉందని వారానికి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ కూడా అయింది.

ఇరవై ఎనిమిదో రోజు నాకు గుర్తుంది. క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. ఈసారి ఆ గదిలో నర్సు ఏమైనా అన్నా, అనకపోయినా, పిల్లి నాది, తప్పు నాది అని చెప్పాలని ముందురోజు నుంచీ మాటలు కూర్చుకున్నాను. పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని సందులోకి వెళ్ళాను. కోడలు గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది.

"మాయత్త పొద్దున్నే బస్సెక్కి ఎల్లిపోనాదండి."

అక్కడే నిలబడ్డాను. పదకొండు గంటలకు ఆవిడ వచ్చింది, ఎండలో నడిచి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. నన్ను చూసి ఆగింది.

"అయిపోనాది. ఇదే ఆఖరిది," అంది.

"చెబితే నేనూ వచ్చేదాన్ని కదండీ."

ఆవిడ చెప్పులు గుమ్మం పక్కన విప్పి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. తొందరపడలేదు.

"మీరొచ్చి ఏటి సేత్తారమ్మగోరూ? మీరు పక్కనుంటే ఆళ్ళు మిమ్మల్ని మెచ్చుకుంతన్నారు, నన్ను తిడతన్నారు. ఒక్కదాన్నే ఎల్తే ఎవులూ ఏటీ అనలేదు. సూదేసి పంపించీసినారు."